గర్భవిచ్ఛిత్తి: అపాయమెక్కడ నున్నది?

గర్భవిచ్ఛిత్తి యను మాట మన యిండ్లలో బిగ్గరగా పలుకు మాట కాదు. కడుపు తీయించుకొన్నదని యొకరు, కడిగించుకొన్నదని యొకరు గొంతు తగ్గించి చెప్పుకొందురు. కూతురు తల్లితో చెప్పదు. అత్తగారు తెలిసియు తెలియనట్లుండును. భర్త చీకటిపడిన పిదప మందుల దుకాణమునకు పోయి, వైద్యుని చీటీ లేకయే కాగితములో చుట్టి యిచ్చిన మాత్రలను జేబులో వేసికొని వచ్చును. ఈ గొంతు తగ్గించుటలోనే సగము ప్రమాదమున్నదని నా యభిప్రాయము. తగిన కాలమున, తగిన స్థలమున, శిక్షణ పొందిన చేతులతో జరిగిన గర్భవిచ్ఛిత్తి నేటి వైద్యమున మిక్కిలి నిరపాయమైన చికిత్సలలో నొకటి. కాలము మీరినను, చోటు తప్పినను, చేయి తప్పినను అదియే ప్రాణాంతకము కాగలదు.

గర్భవిచ్ఛిత్తి ధర్మమా, అధర్మమా యను ప్రశ్నను నేనిచట నెత్తుకొనుట లేదు. దానిని గూర్చి ఎవరి మతము, ఎవరి మనస్సాక్షి వారికి చెప్పును. కాని వైద్యుని యెదుటకు వచ్చి నిలిచిన స్త్రీ ఆ ప్రశ్నతో తన యింటిలో ననేక రాత్రులు పెనగులాడియే వచ్చినది. వచ్చువారిలో పెక్కుమంది వివాహితలు, ఒకరిద్దరు బిడ్డల తల్లులు. వారికి కావలసినది ఉపన్యాసము కాదు. తన దేహమునకు ఏమి జరుగనున్నదో, అందు అపాయమెంతయో, దానిని తప్పించుకొను మార్గమేదియో తెలిసికొను హక్కు వారికి కలదు.

2018లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' అను వైద్యపత్రికలో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము, 2015 సంవత్సరమున భారతదేశమున జరిగిన గర్భవిచ్ఛిత్తులు సుమారు 1 కోటి 56 లక్షలు. వీనిలో ఆసుపత్రులలో జరిగినవి నూటికి 22 మాత్రమే. నూటికి 73 ఆసుపత్రి గడప త్రొక్కకుండ మాత్రలతో జరిగినవి. మిగిలిన నూటికి 5, అనగా సుమారు 8 లక్షలు, ఆసుపత్రియు లేక, ఆ మాత్రలును లేక వేరు విధములుగా జరిగినవి. ఆ వేరు విధములెట్టివో మన గ్రామములలోని పెద్దవారికి తెలియనిది కాదు. ఒక్క సంవత్సరమున ఎనిమిది లక్షలు! అదియును, గర్భవిచ్ఛిత్తికి చట్టము దారి తెరచి నలుబది నాలుగు సంవత్సరములు గడచిన పిదప!

ఆ విధములను గూర్చి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. చిత్రమూలపు వేరునో, జిల్లేడు పుల్లనో గర్భాశయ ముఖద్వారములో చొప్పించుట మన దేశమున తరతరములుగా వచ్చుచున్న మోటు పద్ధతి. ఆ పుల్ల శుభ్రమైనది కాదు. అది ఎంత లోనికి పోయినదో పెట్టిన మంత్రసానికి తెలియదు. గర్భము దాల్చిన కాలమున గర్భాశయపు గోడ మెత్తబడియుండును. పుల్లకొన దానిని చీల్చుకొని పోయినచో వెనుకనున్న ప్రేగులకు తగులును. పిండము కొంత వెలువడి, కొంత లోపలనే నిలిచి క్రుళ్లును. ఆ క్రుళ్లులో పెరిగిన సూక్ష్మజీవులు నెత్తుటిలోనికి చేరును. మొదట చలిజ్వరము, దుర్గంధముతో కూడిన స్రావము. తరువాత రక్తపుపోటు పడిపోవుట, మూత్రము బందగుట. కొలది దినములలోనే మరణము. ధనుర్వాతము వచ్చుటయు కలదు. బ్రతికి బయటపడిన వారిలో కొందరికి అండవాహికలు మూసికొనిపోయి మరల సంతానము కలుగదు. ఇక గన్నేరు వేరు నూరి త్రాగించువారున్నారు. గన్నేరు గుండెను ఆపివేయు విషము. అది గర్భమును వెదకికొని పోయి దానినే తొలగించునని నమ్ముట తల్లి ప్రాణముతో జూదమాడుట.

పచ్చి బొప్పాయికాయ, నువ్వులు, బెల్లము, మిరియాల కషాయము మొదలైనవి అంతటి విషములు కావు. వానివలన కలుగు నష్టము వేరొకటి. ఈ వారము బొప్పాయి తినిచూతము, వచ్చు వారము కషాయము త్రాగిచూతము అని యెదురుచూచుటలో నెల గడచిపోవును. ఏడవ వారమున మాత్రతో తీరవలసిన పని పదునాలుగవ వారమున పెద్దాసుపత్రి పని యగును.

ఇట్టి చాటుమాటు పద్ధతులు ఎందుకు వేరూనినవో తెలియుటకు చట్టచరిత్ర కొంత తెలియవలెను. 1860లో చేయబడిన భారత శిక్షాస్మృతి ప్రకారము, స్త్రీ ప్రాణమును కాపాడుటకు తప్ప గర్భమును తొలగించుట నేరము. తొలగించినవారే గాక, తొలగించుకొన్న స్త్రీయు శిక్షకు పాత్రురాలు. చదువుకొన్న వైద్యుడు జైలునకు వెరచి తప్పుకొనెను. వెరపు లేనివారి చేతికి స్త్రీ చిక్కెను. స్వాతంత్ర్యానంతరము ఈ మరణములు ప్రభుత్వము దృష్టికి వచ్చి, 1964లో మహారాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రి శాంతిలాల్ షా అధ్యక్షతన నొక సంఘము నియమింపబడెను. ఆ సంఘము 1966 డిసెంబరులో నివేదిక నిచ్చెను. దాని ననుసరించి 1971లో పార్లమెంటు వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టమును చేసెను. అది 1972 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. శిక్షాస్మృతి స్థానమున 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత వచ్చినను గర్భస్రావము కలిగించుట నేరముగనే నిలిచియున్నది. 1971 నాటి చట్టమే, తాను చెప్పిన హద్దులలో, వైద్యునికి రక్షణ యిచ్చుచున్నది. ఇది మన చట్టములోని చిత్రమైన నిర్మాణము. నేరమను గోడ నట్లే యుంచి దానికొక తలుపు పెట్టినారు. తలుపున్నదని తెలియనివారు నేటికిని గోడనే చూచి వెనుదిరుగుచున్నారు.

ఆ తలుపు కొలతలను 2021లో సవరించినారు. సవరణ ఆ సంవత్సరము సెప్టెంబరు 24 నుండి అమలులో నున్నది. ఇరువది వారముల వరకు ఒక వైద్యుని అభిప్రాయము చాలును. గర్భము కొనసాగుట వలన స్త్రీ ప్రాణమునకు అపాయము గాని, ఆమె శరీరమునకో మనస్సునకో తీవ్రమైన హాని గాని కలుగునని, లేదా పుట్టబోవు బిడ్డకు తీవ్రమైన వైకల్యముండునని ఆయన సద్బుద్ధితో భావింపవలెను. బలాత్కారము వలన కలిగిన గర్భమును, గర్భనిరోధక సాధనము విఫలమగుటచే కలిగిన గర్భమును మానసికమైన హానిగా చట్టము గ్రహించుచున్నది. ఇరువది నుండి ఇరువదినాలుగు వారముల వరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయము కావలెను. అదియు కొన్ని తరగతుల స్త్రీలకు మాత్రమే. అత్యాచారమునకు గురియైనవారు, మైనరు బాలికలు, గర్భవతిగా నున్నపుడు భర్తను కోల్పోయినవారు లేదా విడాకులు పొందినవారు, అంగవైకల్యము గలవారు మొదలైనవారు అందు చేరుదురు. పిండమునకు తీవ్రమైన లోపమున్నదని వైద్యమండలి నిర్ధారించినచో వారముల హద్దు లేదు. స్త్రీ ప్రాణమును కాపాడుటకు తక్షణమే చేయవలసి వచ్చినపుడును హద్దు లేదు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు, ఇరువదినాలుగు వారముల సౌకర్యమున వివాహితకును అవివాహితకును భేదము చూపరాదని తీర్పు చెప్పినది.

ఈ లెక్క యంతయు చివరి బహిష్టు మొదటి దినము నుండి వేయబడును. బహిష్టు తప్పిన దినము నుండి కాదు. ఈ చిన్న విషయము తెలియక, తమకు రెండవ నెలయే యని వచ్చి, మూడవ నెల దాటినదని విని నివ్వెరపోవు స్త్రీలు పెక్కుమంది. బహిష్టు తప్పిన వారములోనే అయిదు పది రూపాయలకు గాకున్నను స్వల్పమైన ఖర్చుతో ఇంటనే మూత్రపరీక్ష చేసికొనవచ్చును. ఆశా కార్యకర్త వద్దను పరీక్షా సాధనము దొరకును. ఆ వారమున తెలిసికొన్న స్త్రీకి ఆలోచించుకొనుటకు వ్యవధియు, ఎన్నుకొనుటకు మార్గములును ఉండును.

పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి యొక్కటియే చాలును. భర్త సంతకము అక్కరలేదు; అత్తమామల సంతకము అసలే అక్కరలేదు. అట్లుండియు సంతకము లేనిదే చేయమని త్రిప్పి పంపు ఆసుపత్రులు కలవు. వారికి చట్టము తెలియదనుటకంటె, రేపు భర్త వచ్చి గొడవ చేయునను భయమే కారణమని నేననుకొందును. ఆ భయమునకు వెల చెల్లించునది ఆసుపత్రి కాదు. రెండు వారములు తిరిగి తిరిగి చివరకు మందుల దుకాణమునకు పోవు స్త్రీ. మైనరు బాలికకు మాత్రము సంరక్షకుల వ్రాతపూర్వకమైన సమ్మతి కావలెను. ఇక రహస్యము మాట. స్త్రీ పేరును, వివరములను చట్టము అధికారమిచ్చిన వారికి తప్ప అన్యులకు వెల్లడించిన వైద్యునికి ఒక సంవత్సరము వరకు జైలుశిక్షగాని, జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

ఇచట మన తెలుగుదేశమునకు ప్రత్యేకమైన యొక చిక్కు నుదాహరించవలెను. చట్టములో గర్భవిచ్ఛిత్తి చేయుటకు అర్హుడైన వానిని 'రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్' అన్నారు. ఆ మూడు మాటల మొదటి అక్షరములు కలిపిన ఆర్.ఎం.పి. యగును. మన గ్రామములలో ఆర్.ఎం.పి. డాక్టరనగా ఎవరో అందరికి తెలియును! వైద్యకళాశాల మెట్లెక్కకుండ, సైకిలు మీదనో మోటారుసైకిలు మీదనో సంచి తగిలించుకొని సూదులు వేయు మహానుభావుడు. జ్వరమునకు ఆయన నాశ్రయించుటలో పల్లెవాసుల ఇబ్బందిని నేనెరుగుదును. కాని చట్టము చెప్పిన వైద్యుడు ఆయన కాడు. ఆధునిక వైద్యమున పట్టము పొంది, వైద్యమండలిలో పేరు నమోదు చేయించుకొని, స్త్రీల వైద్యమునందు నియమిత శిక్షణయో అనుభవమో గలవాడు. అర్హత లేనివారు గర్భవిచ్ఛిత్తి చేసినచో రెండు నుండి ఏడు సంవత్సరముల కఠినశిక్ష కలదు. ప్రభుత్వాసుపత్రికి ప్రత్యేకమైన యనుమతి అక్కరలేదు. ప్రైవేటు ఆసుపత్రి యైనచో జిల్లా సంఘము వారిచ్చిన అనుమతిపత్రము నందరికి కనబడునట్లు తగిలించియుంచవలెను. దానిని చూపుడని యడుగుటకు సంకోచింప నక్కరలేదు.

ఇక పద్ధతులు. తొలి తొమ్మిది వారములలో మాత్రలు చాలును. ఇవి రెండు రకములు. మొదటిది మిఫెప్రిస్టోన్. గర్భమును నిలిపియుంచు ప్రొజెస్టిరోన్ అను హార్మోను పని చేయకుండ అది అడ్డగించును. ఫ్రాన్సు దేశమున 1988లోను, మన దేశమున 2002లోను దీనికి అనుమతి లభించెను. ఒకటి రెండు దినముల పిదప రెండవ మందు మిసోప్రోస్టాల్ ఇచ్చెదరు. అది గర్భాశయమును ముడుచుకొనజేసి లోపలి పదార్థమును వెలికి నెట్టును. సకాలమున, సరియైన మోతాదులో వాడినచో నూటికి 95 మందికి పైగా మరియే చికిత్సయు లేకుండ పని పూర్తియగును. కడుపులో నొప్పి, రక్తస్రావము, వికారము, కొలదిపాటి జ్వరము, విరేచనములు కలుగుట సహజము. మామూలు బహిష్టుకంటె రక్తము అధికముగనే పోవును. వారము పదిదినములు, ఒక్కొక్కరికి రెండు వారములు సన్నగా కొనసాగును.

పండ్రెండు వారముల వరకు గాలిపీల్పు పద్ధతి కలదు. సన్నని ప్లాస్టిక్ గొట్టమును గర్భాశయములో నుంచి, చేతితో నడుపు సిరంజితో గాని, విద్యుద్యంత్రముతో గాని లోపలి పదార్థమును మెల్లగా పీల్చివేయుదురు. చైనా వైద్యులు 1958లో ఈ పద్ధతిని ప్రకటించిన పిదప క్రమముగా లోకమంతట వ్యాపించినది. పది పదునైదు నిమిషములలో ముగియును. పెక్కుమందికి ఆ ముఖద్వారమున మాత్రము మత్తు ఇచ్చిన చాలును. ఆ దినముననే ఇల్లు చేరవచ్చును. దీనికి ముందుండినది, నేటికిని మన పట్టణములలో అనేకచోట్ల చేయబడుచున్నది, డి అండ్ సి. అనగా ముఖద్వారమును సాగదీసి, లోహపు చెంచావంటి పరికరముతో గర్భాశయపు గోడను గోకుట. గర్భాశయమునకు చిల్లుపడుట, రక్తస్రావము, లోపలి పొర దెబ్బతిని గోడలు అతుకుకొనుట మొదలైనవి ఇందు గాలిపీల్పులో కంటె అధికము. ఇది కాలము చెల్లిన పద్ధతి, దీనిని మానవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టముగా చెప్పియున్నది. అయినను మన వైద్యులలో కొందరు అలవాటును విడువకున్నారు. గాలిపీల్పు సాధనము ఖరీదైనది కాదు, నేర్చుకొనుట కష్టము కాదు. కావున అలవాటు తప్ప వేరు కారణము నాకు కనబడదు. రోగి యైన స్త్రీ, ఏ పద్ధతిలో చేయుదురమ్మా యని డాక్టరమ్మగారిని అడుగుట తప్పు కాదు.

పండ్రెండు వారములు దాటిన పిదప ముఖద్వారమును మందులతో ముందుగా మెత్తపరచి శస్త్రచికిత్స చేయుటయో, మందులతో ప్రసవమువలె నొప్పులు తెప్పించుటయో జరుగును. దీనికి రక్తము, మత్తువైద్యుడు, శస్త్రచికిత్స గది యున్న ఆసుపత్రి కావలెను. వారము వారమునకు అపాయము పెరుగుచు పోవునను సత్యము ఇచటనే మనకు బోధపడును.

మాత్రలను గూర్చి మరికొంత చెప్పుదును. మన దేశమున ప్రతి నలుగురిలో ముగ్గురు నడచు బాట యిదియే గదా. ఈ మాత్రలు దోషులు కావు. చిల్లర పుల్లలను, వేళ్లను వెనుకకు నెట్టి వేలకొలది ప్రాణములను నిలిపిన మేలు వీనిదే. లోపము, మాత్రతో పాటు రావలసిన తెలివి రాకుండుటలో నున్నది. దుకాణదారు ఎన్ని వారములని యడుగడు. ఎట్లు వేసికొనవలెనో సరిగా చెప్పడు. ఏమి జరిగిన నెచటికి పోవలెనో అసలే చెప్పడు. ఒక్కొక్కచోట రెండు మందులలో నొకటియే యిచ్చి పంపుటయు కలదు. కొంత రక్తము కనబడగనే పనియైపోయినదని స్త్రీ తలచును. లోపల ముక్కలు మిగిలిపోయి, ఇరువది దినములు, నెలదినములు నెత్తురు పోవుచునే యుండును.

ఇంతకంటె మోసకరమైనది మరొకటి. గర్భము గర్భాశయములో గాక అండవాహికలో నిలుచుట అప్పుడప్పుడు జరుగును. ఈ మాత్రలు దానిని తొలగింపజాలవు. మాత్రలు వేసికొన్న స్త్రీకి కొంచెము రక్తము కనబడును. ఆమె నిశ్చింతగా నుండును. అండవాహిక లోలోపల ఉబ్బి ఒకనాడు పగులును. పొత్తికడుపులో ఒకప్రక్క కత్తితో పొడిచినట్లు నొప్పి, భుజము నొప్పి, కన్నులు తిరిగి పడిపోవుట దీని గుర్తులు. అప్పుడు గంటలు కాదు, నిమిషములు లెక్కకు వచ్చును. మాత్రలకు ముందు వైద్యుని పరీక్ష, అవసరమైనచో స్కానింగు, కావలెననుటకు ఇదొక్కటియే చాలినంత కారణము.

రక్తహీనత మాట మరచిపోరాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని తేలినది. హిమోగ్లోబిన్ పండ్రెండున్న స్త్రీ తట్టుకొను రక్తస్రావమును ఏడున్న స్త్రీ తట్టుకొనలేదు. ఎనిమిది గ్రాములకు తక్కువైనవారు, రక్తము గడ్డకట్టని జబ్బు గలవారు లేదా రక్తమును పలుచన చేయు మందులు వాడువారు, చాలకాలముగా స్టీరాయిడ్లు వాడువారు, లోపల లూప్ ఉన్నవారు తమంతట తాము ఈ మాత్రలు వేసికొనుట కూడదు. ఇవన్నియు వైద్యునికి రెండు నిమిషములలో తేలు విషయములు. మాత్రల పిదప పదునైదవ దినమున మరల చూపించుకొనుటయు ఇందుకొరకే. పని పూర్తియైనదో లేదో అప్పుడు తెలియును.

మన దేశమున ఇటీవల పుట్టిన మరియొక ఆటంకము కలదు. ఆడశిశువులను గర్భములోనే వెదకి తొలగించు దురాచారమును మాన్పుటకు 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టము చేయబడినది. అది కావలసిన చట్టము. దానిని కఠినముగనే అమలు జరుపవలెను. కాని నిషేధింపబడినది స్కానింగు ద్వారా ఆడయో మగయో తెలుపుట. గర్భవిచ్ఛిత్తి నంతటిని అది నిషేధింపలేదు. కొన్నిచోట్ల అధికారులు ఈ రెండింటిని కలగలిపి చూచుటచే, దుకాణములు మాత్రలను ఉంచుట మానుచున్నవి. వైద్యులు కేసు పట్టుటకు జంకుచున్నారు. తొమ్మిది వారముల లోపు స్కానింగులో లింగము తెలియనే తెలియదు. ఆ వారములలో మాత్రలకు అడ్డుపడుట వలన రక్షింపబడిన ఆడశిశువు ఒక్కరును లేరు. ఆలస్యమైన తల్లులు మాత్రము కలరు.

వైద్యుని భయము రోగి ప్రాణమును తీయుట కొక నిదర్శనము. కర్ణాటకలోని బెళగావి ప్రాంతపు దంతవైద్యురాలు సవితా హలప్పనవర్ ఐర్లండు దేశమున నివసించుచుండెను. 2012 అక్టోబరులో, పదునేడవ వారమున, ఆమెకు గర్భస్రావము మొదలయ్యెను. గర్భము నిలువదని వైద్యులకు తెలిసినను, పిండపు గుండె కొట్టుకొనుచున్నంతవరకు దానిని తొలగించుటకు ఆ దేశపు చట్టమునకు వెరచి వారు చేయరైరి. ఆమె యడిగినను చేయరైరి. నెత్తురు విషపూరితమై ఆ నెల 28న ఆమె మరణించెను, వయస్సు 31. ఆధునికమైన ఆసుపత్రిలో, సర్వసాధనముల నడుమ జరిగిన మరణమిది. 2018లో ఆ దేశ ప్రజలు ఓటు వేసి ఆ నిబంధనను తొలగించుకొనిరి. మన పొరుగుననున్న నేపాళమున గర్భస్రావమునకై స్త్రీలను జైలులో నుంచుట 2002 వరకు కలదు. ఆ సంవత్సరము చట్టము మారినది, 2004 నుండి ప్రభుత్వాసుపత్రులలో సేవ లభించినది. తీవ్రమైన ఉపద్రవములతో పెద్దాసుపత్రులకు వచ్చువారి సంఖ్య తరువాతి కాలమున తగ్గినది. చట్టము సడలించిన నీతి చెడునని వాదించు పెద్దలు ఈ రెండు దేశముల అనుభవమును తిలకించవలెనని మనవి. నిషేధము గర్భవిచ్ఛిత్తిని ఆపలేదు. దానిని వెనుక వాకిటికి మార్చినది.

ప్రజలలో తిరుగు కొన్ని అపోహలను గూర్చి రెండు మాటలు. ఒకసారి గర్భము తీయించుకొన్న మరల పిల్లలు పుట్టరను మాట శుభ్రముగా, ఉపద్రవము లేకుండ జరిగిన దాని విషయమున నిజము కాదు. చీము పట్టినచో నిజము కాగలదు. రొమ్ము క్యాన్సరు వచ్చునను మాటకు శాస్త్రాధారము లేదు. పైగా, పది దినముల లోపుననే మరల గర్భము నిలుచుట సంభవము. కావున గర్భనిరోధమును గూర్చి వైద్యురాలితో ఆ దినముననే మాటలాడవలెను. ఆపరేషనుకు ఒప్పుకొన్ననే గర్భము తీయుదుము, లూప్ వేయించుకొన్ననే తీయుదుము అని షరతు పెట్టుట మాత్రము న్యాయము కాదు. అట్టి షరతు చట్టములో లేదు.

చికిత్స అయిన పిదప ఇంటిలోనివారు గమనింపవలసిన గుర్తులు కొన్ని కలవు. గంటకు రెండు పెద్ద ప్యాడ్లు చొప్పున వరుసగా రెండు గంటలు తడిసిపోవుట, ఒకదినమునకు మించి జ్వరముండుట, స్రావము దుర్వాసన కొట్టుట, తగ్గక పెరుగుచున్న కడుపునొప్పి, కన్నులు తిరుగుట, మాత్రలు వేసికొన్నను ఏ మాత్రమును రక్తము పోకుండుట. వీనిలో ఏ యొకటి కనబడినను తెల్లవారనిండని ఆగరాదు. 108కు ఫోను చేయవలెను, లేదా దొరకిన వాహనములో ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఆసుపత్రిలో ఏమి చెప్పవలెనని యడుగు స్త్రీలున్నారు. జారిపడితినని, బరువెత్తితినని చెప్పువారు పెక్కుమంది. ఏమి మందు, ఎన్ని మాత్రలు, ఎన్నవ వారమున వేసికొన్నదియు, లేక ఎవరు ఏమి పెట్టినదియు ఉన్నదున్నట్లు చెప్పినచో వైద్యుడు అరగంట ముందుగా సరియైన చికిత్స మొదలుపెట్టగలడు. వైద్యుడు మొదట చేయవలసినది నెత్తురు ఆపుట, లోపల మిగిలినదానిని తొలగించుట, రక్తమెక్కించుట, చీముపట్టకుండ మందిచ్చుట. ఎక్కడ చేయించుకొంటివి, ఎందుకు చేయించుకొంటివి, పెండ్లి అయినదా యను ప్రశ్నలు చికిత్స మొదలైన తరువాత, అవసరమైనంత మేరకే, ప్రక్క మంచములవారికి వినబడకుండ అడుగవలెను.